గూడ్సు పెట్టెకి ఏ రంగు?

ఎంత గొప్ప పెళ్లి గురించి చెప్పినా పెళ్లికూతురు చీర ఏ రంగో చెబుతారు గాని, సారె కావిడి మోసుకొచ్చినవాడి తలగుడ్డ రంగు ఎవరూ చెప్పరు. రైళ్ల చరిత్ర కూడా అంతే. ఇంజను గురించి పేజీలకి పేజీలు రాస్తారు. బియ్యం, బెల్లం, బొగ్గు మోసిన గూడ్సు పెట్టెని మాత్రం "ఏదో మట్టిరంగు" అని తేల్చేస్తారు.

ఆ "ఏదో" దగ్గరే పేచీ పెడతారు నమూనా రైళ్లు తయారుచేసేవాళ్లు. అమలాపురంలో మా అక్కయ్య కొడుకు ఆ కోవలోవాడే. అట్టముక్కలతో, ప్లాస్టిక్ రేకులతో 87వ వంతు కొలతలో పెట్టెలు చేస్తాడు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. వాడి బల్లమీద అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు. వాడి తాపత్రయమల్లా కాకినాడ–కోటిపల్లి రైలు మీదే.

ఎందుకంటారా? 1928లో ఆ రైలు కోటిపల్లి దాకా వచ్చింది. గౌతమికి అవతలి గట్టు కోటిపల్లి, మన గట్టు ముక్తేశ్వరం. పంటు దిగితే రైలు! ఆ ముచ్చట పన్నెండేళ్లే. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలు కాస్తా పీకేశారు. మళ్లీ పట్టాలు పడింది 2004లో. పన్నెండేళ్ల కాపురానికి అరవై నాలుగేళ్ల ఎడబాటన్నమాట! కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లే లైనుకోసం గోదావరి పాయల్లో స్తంభాలు లేచింది ఆ తర్వాతే.

"పిన్నీ, పెట్టెకి ఏ రంగు వెయ్యమంటావు?" అని అడిగాడు వాడు.

"ముందు ఏ సంవత్సరమో చెప్పరా!" అన్నాను. నవలలు రాసేదాన్ని కదా, ఆ ప్రశ్న నాకు అలవాటే.

ఈ మధ్య కాలం పెట్టె అయితే చిక్కు తక్కువ. మన గూడ్సు పెట్టెలకి ఎక్కువగా వేసేది రెడ్ ఆక్సైడ్. భారతీయ ప్రమాణాల రంగుల పట్టికలో దాని నంబరు 446. కాని రంగొక్కటీ కుదిరితే చాలదు. పెట్టె మీది అక్షరాలూ కాలాన్ని పట్టిస్తాయి. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966లో. 1930ల్లో మన వేపు నడిచింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. గాలి బ్రేకులతో నడిచే బాక్సెన్ పెట్టెలు వచ్చింది 1980ల్లో. అలాంటిదాన్ని కోటిపల్లి మొదటి రైలుకి తగిలిస్తే, రుద్రమదేవి చేత నైలాన్ చీర కట్టించినట్టే!

మరి 1935 నాటి పెట్టె సంగతి? పాత ఫోటో చూస్తే సరిపోతుందనుకుంటాం. అది నలుపు తెలుపు ఫోటో. పైగా ఆ రోజుల్లో బాగా వాడుకలో వున్న ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనబడేది కాదు. ఎర్రనిదల్లా నల్లగా పడేది. ఆ ఫోటో నమ్ముకుని రంగు వేస్తే జేగురు పెట్టె కాస్తా బొగ్గు పెట్టె అయిపోతుంది.

రంగులో అర్థం కూడా వుండేది. ఇంగ్లండులో ఎల్.ఎన్.ఇ.ఆర్. కంపెనీవాళ్లు వాక్యూమ్ బ్రేకులున్న పెట్టెకి ఎర్ర ఆక్సైడు, లేనిదానికి బూడిదరంగు వేసేవారు. మెడలో నల్లపూసలు చూసి పెళ్లయిందని తెలుసుకున్నట్టు, దూరాన్నుంచే పెట్టె సంగతి తెలిసిపోయేది.

పోనీ, పాత రంగుముక్క ఒకటి దొరికిందే అనుకోండి. అవిసెనూనెలో కలిపిన రంగు చీకట్లో వుండగా వుండగా పసుపు తిరుగుతుంది. సీసం తెలుపు బొగ్గుపొగలోని గంధకానికి నల్లబడుతుంది. ఇక చూసే వెలుతురు సంగతి మనకి చెప్పాలా? కొట్లో ట్యూబులైటు కింద చీరతో అతికినట్టు కుదిరిన జాకెట్టుగుడ్డ, వీధిలోకి రాగానే వేరే రంగులోకి మారిపోవడం మనలో ఎవరికి అనుభవం కాలేదు?

అన్నీ కుదిరాక కూడా మరో మెలిక వుంది. బల్లమీది పెట్టెని రెండడుగుల దూరం నుంచి చూడడమంటే, అసలు పెట్టెని 174 అడుగుల దూరం నుంచి చూడడం. దూరపు వస్తువు వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకని అసలు రంగులో కాస్త తెలుపో బూడిదో కలిపితే గాని బొమ్మకి నిజం రంగు రాదు. ఉన్నదున్నట్టు పూస్తే అబద్ధంలా కనిపిస్తుంది! కథలు రాసేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు లెండి.

నాకు మరీ ముచ్చటేసింది ఆ ఎర్ర ఆక్సైడు పుట్టుక. అది ఇనుప ఆక్సైడు. మన అమ్మమ్మలు అరుగులకి పూసిన జేగురుకి ఆ ఎరుపు దీన్నుంచే వచ్చింది. తుప్పు కూడా దాని చుట్టమే. ముల్లుని ముల్లుతో తీసినట్టు, ఇనుముని తుప్పునుంచి కాపాడే రంగులో తుప్పు చుట్టాన్నే కలుపుతారు. చవక, ఎండకి వెలవదు, మురికి ఓర్చుకుంటుంది. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలికి ముదురు రంగు చీర తెచ్చినట్టే వుంది రైలువాళ్ల ఆలోచన!

"ఇంత యాతన దేనికి? చూసేవాళ్లకి తెలుస్తుందా ఏమిటి?" అంది మా అక్కయ్య. తెలియదు గనకే యాతన. ఆ లైనుమీద మొదటి పెట్టెలు చూసినవాళ్లు ఇప్పుడు మన మధ్య ఎందరున్నారు? రేపు ఏ పిల్లో పిల్లాడో ఈ బొమ్మ చూసి, "ఓహో, మన రైలు ఇలా వుండేది కాబోలు" అనుకుంటే, ఆ తరానికి అదే చరిత్ర. తప్పని చెప్పడానికి పెద్దవాళ్లెవరూ మిగలరు.

మావాడు చివరికి జేగురే వేశాడు. దానిమీద బొగ్గుమసి అద్ది, తలుపు దగ్గర కూలీల చేతులు తగిలేచోట కాస్త అరగదీశాడు. తర్వాత పెట్టెని తిరగేసి, చక్రాల మధ్య సన్నటి కుంచెతో రాశాడు: "1935. కొలతలు లెక్క ప్రకారం. రంగు మా ఊహ."

చరిత్ర నవలలకి నేను రాసే ముందుమాటలు నాలుగేసి పేజీలు సాగుతాయి. వాడికి ఒక్క లైను సరిపోయింది.