ఉన్నది ఉన్నట్టు – మూడు ఊళ్ళలో నా కుంచె పని

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాసేటంత పాండిత్యం నాకు లేదు. 35 ఏళ్ళు డ్రాయింగు మాస్టరుగా పని చేశాను. బడి వదిలిన తరువాత, సెలవు రోజుల్లోను మనుషుల బొమ్మలు, వారు పెంచుకున్న ఆవులు, ఎద్దులు, కుక్కల బొమ్మలు వేసి నాలుగు రూపాయలు సంపాదించుకున్నాను. 2003లో రిటైరైనాక అదే నా పూర్తి పని అయింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం – ఈ మూడు ఊళ్ళలో ఆ పని నాకిచ్చిన సంతోషాన్ని, అందులో నేను చేసిన ఒక తప్పును మీతో చెప్పుకుంటాను.

మదనపల్లెకు చిత్రకళతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. మనం బి.టి. కాలేజి అని పిలుచుకునే బీసెంట్ థియసాఫికల్ కళాశాలను 1915లో అనిబిసెంటు గారు నెలకొల్పారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు గారు అక్కడ బస చేసి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారనీ, దాని బాణీకి మార్గరెట్ కజిన్స్ గారు స్వరలిపి రాశారనీ గర్వంగా చెప్పుకుంటాం. ఆమె భర్త, ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారిని మాత్రం మరచిపోతాం. ఆయన ఐర్లండు దేశపు కవి. బెంగాలు చిత్రకారుల కొత్త పద్ధతిని దక్షిణాది వారికి పరిచయం చేయడానికి ఎంతో పాటుపడ్డారు. 1935లో తిరువనంతపురంలో ప్రారంభమైన శ్రీ చిత్ర చిత్రశాల వెనుక ఆయన కృషి ఉంది.

అయితే మన ఇళ్ళ గోడల మీద రాజ్యమేలింది బెంగాలు పద్ధతి కాదు, రాజా రవివర్మ పద్ధతి. 1894లో ఆయన బొంబాయిలో పెట్టిన అచ్చు యంత్రం వల్ల లక్ష్మీ, సరస్వతుల పటాలు పల్లెటూరి గుడిసెల దాకా వచ్చాయి. ఆ పటాలు చూసి పెరిగిన జనానికి బొమ్మ అంటే మనిషి ఎదుట నిలబడినట్టు ఉండాలి. నా దగ్గరికి వచ్చినవారు ఏ పద్ధతిలో గీస్తారని ఒక్కనాడూ అడగలేదు. "మా నాయన మాదిరే ఉంటాదా అయివోరా?" అనే అడిగేవారు.

అట్లా గీయడం తేలిక కాదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో చనిపోయిన పెద్దలవి విడి ఫొటోలు ఉండేవి కావు. ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటో ఉండేది. అందులో ముఖం చింతగింజంత. దాని మీద సన్నని గళ్ళు గీసి, కాన్వాసు మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడి తరువాత గడి నింపుకుంటూ పోవాలి. ఫొటోలో కనబడని పెదవి అంచు, కనురెప్ప వంపు ఎక్కడి నుంచి తేవాలి? "ఇంట్లో ఆమె పోలిక ఎవరికి వచ్చింది?" అని అడిగి, ఆ కూతురినో మనవరాలినో ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడిని. మదనపల్లెలో అట్లా ఒక అవ్వ బొమ్మ పూర్తి చేసి ఇంట్లో పెట్టాను. పక్కింటి ముసలామె వచ్చి, పటం ముందు నిలబడి, "ఏమే, నన్ను చూసి కూడా పలకవా?" అంది. వాళ్ళిచ్చిన నలభై రూపాయలు ఆ నెలలోనే ఖర్చయిపోయినాయి. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తరువాత పుంగనూరు ప్రాంతానికి బదిలీ అయింది. పుంగనూరు ఒకప్పటి జమీందారీ. ఆ ఊరి పేరు దేశానికి తెలిసింది మాత్రం పొట్టి ఆవుల వల్ల. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 115 నుంచి 200 కిలోల బరువు. వెడల్పాటి నుదురు, చిన్న కొమ్ములు, దాదాపు నేలను తాకే తోక. పాలు కొద్దిగానే ఇచ్చినా వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుంది. మేత తక్కువ, కరువుకు తట్టుకుంటుంది.

1974 వేసవిలో ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, తన ఆవు గౌరిని గీయమన్నాడు. నేను నోటుబుక్కుతో వెళ్ళాను. ఆవు బొమ్మ గీయడంలో ఒక సుఖముంది. నెమరు వేసేటప్పుడు అది కదలదు. కన్ను మాత్రం యజమాని ఎటు పోతే అటు తిరుగుతుంది. ఆయన భార్య పాలచెంబుతో పక్కన నిలబడింది. ఆవు వీపు ఆమె నడుం దాకా వచ్చింది. కొలిచి 34 అంగుళాలని అంచున రాసుకున్నాను. కాన్వాసు మీద రూపురేఖలు గీసి చూపించగానే పెద్దాయన ముఖం చిన్నబోయింది. "ఏమి అయివోరా, ఇంత పొట్టిగా గీస్తా ఉండారే? చూసినోళ్ళు నవ్వరా? ఒంగోలావు మాదిరి ఎత్తుగా గీయండి" అన్నాడు.

డబ్బు అవసరం, మొహమాటం రెండూ ఉన్నాయి. కాళ్ళు పొడుగు చేశాను. మూపురం పెంచాను. పక్కనున్న ఆమెను తీసేశాను. పెద్దాయన సంతోషంగా పటం కట్టించుకున్నాడు. నేనూ పెద్దగా బాధపడలేదు.

ఆ తప్పు నాకు తెలిసింది కుప్పంలో. బెంగళూరు – జోలార్‌పేట రైలు మార్గం మీద, మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న ఊరు అది. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. 1986లో ఒక తమిళ కుటుంబం వారు తమ కుక్క మణి బొమ్మ వేయించుకున్నారు. కుక్క ఆవు మాదిరి కాదు, నిద్రపోతేనే మనకు చిక్కుతుంది. దానికి ఒక చెవి చిరిగి ఉండేది. అందంగా ఉంటుందని నేను రెండు చెవులూ నిండుగా గీశాను. ఎనిమిదేళ్ళ పాప చూసి, "ఇది మా మణి కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెవిని మళ్ళీ చింపి గీశాను. పాప వచ్చి చిరిగిన చెవి మీద వేలు పెట్టి నవ్వింది. ఆ రాత్రి నాకు పుంగనూరు గౌరి గుర్తుకు వచ్చింది.

జహంగీరు ఆస్థానంలో మన్సూరు అనే చిత్రకారుడు ఉండేవాడు. 1612లో గోవా నుంచి టర్కీకోడి వస్తే, చక్రవర్తి దాని బొమ్మ వేయించాడు. మన్సూరుదని చెప్పే డోడో పక్షి చిత్రం రష్యాలో ఉంది. ఆ పక్షి పదిహేడో శతాబ్దంలోనే ప్రపంచం నుంచి మాయమైంది. అది ఎట్లా ఉండేదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఈనాటికీ ఆ బొమ్మను పరిశీలిస్తారు. ఆయన కూడా నా మాదిరి ఎవరినో సంతోషపెట్టడానికి కాళ్ళు పొడుగు చేసి ఉంటే?

పుంగనూరు ఆవుకూ ఇంచుమించు ఆ గతే పట్టబోయింది. ఎక్కువ పాల కోసం జెర్సీ వంటి విదేశీ జాతులతో సంకరం చేయడం పెరిగి, అసలు జాతి పల్లెల్లో అరుదైపోయింది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం వారు దానిని కాపాడే పని చేశారు. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించే ఫొటోలు వచ్చాక దేశమంతా వీటి గురించి మాట్లాడింది.

అంతకు చాలా ముందే, 2012లో, ఆ పెద్దాయన మనవడు పటం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. తాత లేడు, ఆ ఊళ్ళో అటువంటి ఆవూ లేదు. "మా ఇంట్లో పుంగనూరావు ఉండేదంటే ఎవురూ నమ్మడం లేదు అయివోరా. పటం చూసి ఇది ఒంగోలావు గదా అంటా ఉండారు" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జరిగింది చెప్పాను. అటకపైన వెదికితే 1974 నోటుబుక్కు దొరికింది. చెంబుతో ఆమె, పక్కన గౌరి, అంచున 34 అంగుళాలు.

పలమనేరు వెళ్ళి ఆ జాతి ఆవులను చూసి కాళ్ళు, డెక్కలు సరిచూసుకొని, కొత్త పటం వేశాను. డబ్బు తీసుకోలేదు. పెద్దామెకు అప్పటికి ఎనభై దాటాయి. పటం దగ్గరగా పెట్టుకొని చూసి, "ఇదీ మా గౌరి. నేను కూడా ఉండానే!" అంది. నా పనిలో నాకు దొరికిన పెద్ద సంతోషం అదే. అది 38 ఏళ్ళ ఆలస్యంగా దొరికింది.

మిత్రులకు ఒక్క మనవి. మీ ఇంట్లో ముసలివారివి, పెంచుకుంటున్న జీవాలవి బొమ్మ గీయించండి, లేదా ఫొటో తీయించండి. ముడతలు, మచ్చలు, చిరిగిన చెవులు అట్లాగే ఉండనివ్వండి. వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. మన మనవలు ఏదో ఒకనాడు దాన్ని చూసి, మనం ఎట్లా ఉండేవాళ్ళమో తెలుసుకుంటారు. సెలవు.