దాయిరతుల్ మారిఫ్ (హైదరాబాద్)

అరబ్బీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసే సంస్థ. పూర్తి పేరు దాయిరతుల్ మారిఫిల్ ఉస్మానియా. ఆరో నిజాం కాలంలో, 1888లో ఏర్పడింది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వారుల్లా ఫారూఖీ దీనికి పూనుకున్నారు. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. హదీసు, చరిత్ర గ్రంథాలు ఎన్నో తెచ్చినా, గ్రీకు తత్వం ముస్లిం పండితుల చేతిలో ఏమైందో చూపే మూలాలను అచ్చులోకి తేవడం దీని అతి విలువైన సేవ.

అబ్బాసీల పాలనలో, 8–10 శతాబ్దాల మధ్య, అరిస్టాటిల్, గేలెన్, యూక్లిడ్, టాలెమీల రచనలు అరబ్బీలోకి వచ్చాయి. హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ (మరణం 873) గ్రీకు ప్రతులను వెతికి తెచ్చి, ఒకదానితో ఒకటి సరిచూసుకుని అనువదించేవాడు. ఆ పునాది మీద ఎదిగిన ఫారాబీని (మరణం 950) అరిస్టాటిల్ తర్వాత 'రెండో గురువు' అన్నారు. అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' ఉద్దేశమేమిటో వివరిస్తూ అతడు ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇబ్న్ సీనా (980–1037) ఆ మూలగ్రంథాన్ని 40 సార్లు చదివాడు. కంఠతా వచ్చింది గానీ అర్థం కాలేదు. ఒకనాడు పుస్తకాల అంగట్లో అమ్మేవాడు వెంటపడితే, అక్కర్లేదంటూనే 3 దిర్హాములిచ్చి ఫారాబీ పుస్తకం కొన్నాడు. ఇంటికెళ్లి చదవగానే చిక్కు విడిపోయింది. మర్నాడు ఆ సంతోషంలో పేదలకు దానాలు చేశానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ చిన్న పుస్తకాన్ని దాయిరా ఫారాబీ లఘుగ్రంథాల వరుసలో ప్రచురించింది.

గ్రీకులను ఎదిరించిన వారికీ ఇక్కడ చోటు దొరికింది. బాగ్దాద్ వైద్యుడు అబుల్ బరకాత్ (12వ శతాబ్దం) శూన్యం అసాధ్యమన్న అరిస్టాటిల్ వాదాన్ని కాదన్నాడు. కిందికి పడే వస్తువు వేగం ఎందుకు పెరుగుతుందో కొత్తగా వివరించాడు. అతడి 'కితాబుల్ ముతబర్' 1938–39లో ఇక్కడ అచ్చయింది. గ్రీకు విద్య అరబ్బీలో అనువాదంతో ఆగిపోయిందనుకునేవారికి జవాబుగా ఈ ఒక్క గ్రంథం చాలు. మరోవైపు, అరిస్టాటిల్‌పై ఇబ్న్ రుష్ద్ (1126–1198) రాసిన సంక్షేప వ్యాఖ్యలు 1947లో వెలువడ్డాయి.

గేలెన్, హిప్పోక్రటీస్‌ల నుంచి విస్తారంగా ఉదహరించిన జకరియా రాజీ వైద్యకోశం 'అల్ హావీ' 1955 నుంచి సంపుటాలుగా వచ్చింది. ఆ వైద్యం హైదరాబాద్‌లో పుస్తకాలకే పరిమితం కాలేదు. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే గ్రీకుల నాలుగు ధాతువుల సిద్ధాంతమే చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రిలో సాగే యునానీ వైద్యానికి ఆధారం.