ఓడ, వెలుగు, బజారు

ఐదుంబావు. అండమాన్‌లోని డాలీగంజ్‌లో అప్పుడే తెల్లారిపోయింది. శ్రీకాకుళంలో ఈపాటికి ఇంకా కోడి కూస్తూ ఉంటుంది. నవంబరు వాన రాత్రంతా రేకుల మీద దరువేసి ఇప్పుడు చూరు నుంచి చుక్కలుగా జారుతోంది. కిటికీ పక్కన మా చెల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఒక చేతిలో మెరూన్ జాకెట్టు ముక్క, ఒడిలో మూడు దారం రీళ్లు. నా కంటికి మూడూ మెరూనే.

"కాదన్నయ్యా. ఇది వంకాయ, ఇది ఇటుకరాయి. ట్యూబులైటు కింద చూస్తే నీకేటి, నాకూ తెలీదు."

మిషను బల్ల మీద, నూనెడబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. తెర మీద ట్రెల్లో అనే యాప్. ఐదు నిలువు వరుసలు: వచ్చినవి, కోత, కుట్టు, హుక్కులు, ఇచ్చేవి. మా మేనకోడలు తయారుచేసి పెట్టింది. ఒక్కో బట్టకి ఒక్కో కార్డు. అందులో ఆ గుడ్డ ఫొటో, మనిషి పేరు, ఇవ్వాల్సిన రోజు. పని ముందుకి జరిగితే కార్డుని వేలితో పక్క వరుసలోకి లాగెయ్యడమే. మెరూన్ ముక్క ఇంకా "వచ్చినవి"లోనే ఉంది, దాని మీద పసుపు గుర్తు. పసుపు అంటే "వెలుగు".

ఆ గుర్తులే నన్ను ఆపేశాయి. పసుపు వెలుగు, నీలం ఓడ, ఆకుపచ్చ బజారు. అర్జెంటు, ముఖ్యం, మామూలు లాంటివి ఒక్కటీ లేవు.

"అర్జెంటు కానిదేటుంది చెప్పు, అన్నీ పెళ్లివే" అంటుంది దారం తెంపుతూ. మార్గశిరం ముహూర్తాలు ఆవిడ తలమీద ఉన్నాయి.

డేవిడ్ అలెన్ అనే అమెరికా ఆయన 2001లో రాసిన "గెటింగ్ థింగ్స్ డన్" పుస్తకంలో ఇలాంటి గుర్తుల సంగతే చెప్పాడు. పనుల్ని అవి ఎక్కడ, దేనితో అవుతాయో చూసి విడదీసుకోవాలనీ, ఎదుటివాళ్ల నుంచి రావాల్సినవాటికి వేరే జాబితా ఉండాలనీ. మా చెల్లి ఆ పుస్తకం చూడలేదు. ఆవిడకి నేర్పింది సముద్రం. లైనింగు, జిప్పులు, ఫాల్స్ చెన్నై నుంచి ఓడలో రావాలి. మొదట్లో మేనకోడలు వాటికీ తారీకులు పెట్టింది. వాతావరణం బాగోక ఓడ ఆగిందంటే చాలు, తెల్లారేసరికి తెరంతా ఎర్రగా అయిపోయేది.

"ఓడకి నేను తారీకు పెడితే అదొస్తాదా? రోజూ నన్ను తిడతన్నట్టుండేది. తీయించీసేను."

నా ఫోనులో గడువు దాటిన పనులు నూటయాభై దాకా ఉంటాయి. రోజూ రాత్రి అన్నింటినీ కలిపి రేపటికి నెట్టేసి పడుకుంటాను. ఆ సంగతి ఇక్కడ ఎత్తలేదు.

టీ వస్తుంది. బల్ల కింద గుడ్డమూటలు వరసగా ఉన్నాయి. ప్రతి మూటకీ గుండుసూదితో గుచ్చిన చీటీ, దాని మీద కొలతలు. ఫోనులో అన్నీ ఉండగా ఇవెందుకని అడగబోయి ఊరుకుంటాను. ఎందుకంటే ఆ చీటీయే అసలుది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత టొయోటా ఫ్యాక్టరీలో తైచి ఓనో సరుకు పెట్టెలకి కార్డులు తగిలించాడు. కార్డు వెనక్కి వస్తేనే కొత్త సరుకు చెయ్యాలి, లేకపోతే చెయ్యకూడదు. దాన్ని కాన్‌బాన్ అన్నారు. 2011లో వచ్చిన ట్రెల్లో ఆ కార్డుల్నే తెరమీద పరిచింది. మన దర్జీలు ఎవరూ చెప్పకుండానే గుండుసూదికి గుచ్చుతూ ఉన్నారు. కాకపోతే మన చీటీలో ఆ రెండో సగం లేదు, ఇంక చాలు అనే సగం.

ఆ సగం ఇప్పుడు నా కళ్లముందే జరుగుతుంది. పది గంటలప్పుడు గుమ్మంలో ఒక బెంగాలీ ఆవిడ. చేతిలో పట్టుచీర, రెండు జాకెట్టు ముక్కలు. "దీదీ, ఆదివారానికి కావాలి" అని హిందీలో. మా చెల్లి ఫోను వైపు చూస్తుంది. "కుట్టు" వరుస పేరు పక్కన 5 అని రాసుంది. అందులో ఐదు కార్డులూ ఉన్నాయి. "బుధవారం" అంటుంది. ఆవిడ బతిమాలుతుంది, మొహం ముడుచుకుంటుంది, చివరికి చీర ఇచ్చే వెళ్తుంది.

"ఇదివరకైతే అందరికీ సరే అనీసీదాన్ని. అర్ధరాత్రి దాకా మిషను తొక్కి, పొద్దున్న తిట్లు తినీదాన్ని."

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందిది తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. కార్డుల మీద పేర్లు చూస్తే ఆ లెక్క తెలిసిపోతుంది. అన్నీ తెలుగు లిపిలోనే, పేర్లు మాత్రం నాలుగు భాషలవి.

మేనకోడలు స్నానం చేసి వచ్చి ఫోను తీసుకుంటుంది. చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల కేబులు సముద్రం అడుగున వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా ఇక్కడి ఇంటర్నెట్‌కి ఉపగ్రహమే దిక్కు. "ఒక ఫొటో ఎక్కీలోపు అన్నం తినీసొచ్చీవోళ్లం మావయ్యా" అని నవ్వుతుంది. ఇప్పటికీ వానకి నెట్ పోతే ఫోను తనలోనే రాసుకుని, తిరిగొచ్చాక కలుపుకుంటుందట.

నవ్వు ఎంతోసేపు లేదు. "ఇచ్చేవి" వరుసలో ఉన్న ఆకుపచ్చ జాకెట్టు కోసం మనిషి వచ్చాడు. మూట విప్పితే ఒక్క హుక్కు లేదు.

"ఎవులు జరిపినారు దీన్ని?"

మేనకోడలు బొటనవేలు చూసుకుంటుంది. వచ్చినతను అరుగు మీద కూర్చున్నాడు, మా చెల్లి సూదిలో దారం ఎక్కించింది. పది నిమిషాల పని, ఇరవై నిమిషాల తిట్లు. ఇకమీదట మూట మీది చీటీ చింపాకే కార్డు జరపాలని ఆ తిట్ల మధ్యలోనే చట్టం అయింది.

మధ్యాహ్నం మళ్లీ వాన. నాలుగున్నరకి కిటికీలో వెలుగు పలచబడుతుంది. ఐదు కాకుండానే పొద్దుగూకిపోయే కాలం ఇది. గడియారం మాత్రం హైదరాబాదుదీ ఇక్కడిదీ ఒకటే. మెరూన్ ముక్క మళ్లీ ఆవిడ చేతిలోకి వచ్చింది. మూడు రీళ్లూ పక్కపక్కన పెట్టి, కిటికీ ఊచల దాకా చాచి చూస్తుంది. తల అడ్డంగా ఊపుతుంది.

సరిగ్గా ఐదుకి ఫోను మోగుతుంది: "దారం కలపాలి". బయట చీకటి.

"మావయ్యా, పొరపాటు నాదే" అని మేనకోడలు దాన్ని మూడున్నరకి మారుస్తుంది. ఇంతలో పక్కింటాయన గోడమీంచి కేక వేస్తాడు, హడ్డో రేవులో ఓడ కట్టేశారట. మా చెల్లి లేవదు. ఎడంచేత్తో ఫోను దగ్గరకి లాక్కుని, నీలం గుర్తులున్న నాలుగు కార్డులు ఒక్కొక్కటే తెరిచి ఆకుపచ్చ చేస్తుంది. రేపు అబర్దీన్ బజారు. ఐదో కార్డు మెరూన్‌ది. పసుపు పక్కన దానికీ ఒక ఆకుపచ్చ చుక్క పెట్టి, జాకెట్టు ముక్క కొస చిన్నగా కత్తిరించి పర్సులో వేసుకుంటుంది.

"రేపు నువ్వూ రా అన్నయ్యా. పొద్దున్నే వెళ్దాం, కొట్టు బయట నిలబడి చూడాల."