సీజీహెచ్‌ఎస్ కార్డు ఉన్నా మరో ఆరోగ్య బీమా అవసరమా? పెన్షనర్లు చూసుకోవాల్సినవి ఇవీ

శ్రీకాకుళంలో స్థిరపడిన ఓ కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ దంపతులనే తీసుకుందాం. ఇద్దరికీ సీజీహెచ్‌ఎస్ కార్డులున్నాయి. కానీ వారికి దగ్గరి వెల్‌నెస్ సెంటర్ ఉన్నది విశాఖపట్నంలో, అంటే వంద కిలోమీటర్లకు పైనే. అర్ధరాత్రి గుండెపోటు వస్తే ముందుగా వెళ్లేది ఊళ్లో ఏ ఆసుపత్రి తలుపు తెరిచి ఉంటే అక్కడికే. అది సీజీహెచ్‌ఎస్ జాబితాలో ఉందా లేదా అన్న ప్రశ్న మర్నాడు, బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎదురవుతుంది. రిటైరైనవారు ప్రభుత్వ పథకానికి తోడుగా మరో పాలసీ కొనాలా అని ఆలోచించేది ఇలాంటి రాత్రుల కోసమే. అయితే చాలామంది కొనేది ఆ రాత్రికి పనికొచ్చే పాలసీ కాదు.

కార్డు ఏమిస్తోంది?

ముందుగా చేతిలో ఉన్నదాని విలువ తెలియాలి. రిటైరైన కేంద్ర ఉద్యోగి పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితకాల సీజీహెచ్‌ఎస్ కార్డు వస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కలో 7 నుంచి 11 లెవెల్ వారికి నెలకు రూ.650, అంటే మొత్తం రూ.78,000. 12, ఆపై లెవెల్ వారికి రూ.1,20,000. ఇంత మొత్తానికి భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం డాక్టర్ సంప్రదింపులు, నెలనెలా మందులు, పరీక్షలు, జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ చికిత్స అందుతాయి. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ లేదు, ఖర్చుకు వార్షిక పరిమితి లేదు. అరవై దాటిన మధుమేహ రోగికి ఈ షరతులతో పాలసీ ఇచ్చే ప్రైవేటు కంపెనీ దొరకదు. కాబట్టి ప్రైవేటు పాలసీ ఉంది కదా అని కార్డు తీసుకోకపోవడం, ఉన్నదాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు.

70 ఏళ్లు నిండినవారికి మరో తికమక ఉంది. 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ వయసు వారందరికీ విస్తరించారు. ఏడాదికి రూ.5 లక్షల కవరేజీ. ప్రైవేటు బీమా ఉన్నవారు కూడా దీన్ని తీసుకోవచ్చు. కానీ సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్, ఆయుష్మాన్ సీఏపీఎఫ్ పరిధిలోని వారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. నెలవారీ మందులు అందులో రావు. ఉచితమే కదా అని కామన్ సర్వీస్ సెంటర్‌లో ఒప్పుకునే ముందు ఈ తేడా చూసుకోవాలి.

లోటు ఎక్కడుంది?

జాబితాలోని ఆసుపత్రిలో, అర్హత ఉన్న వార్డులో, సీజీహెచ్‌ఎస్ ప్యాకేజీ కింద చికిత్స జరిగితే పెన్షనర్ చేతి నుంచి పెద్దగా ఖర్చు కాదు. ప్యాకేజీకి మించి వసూలు చేసే హక్కు ఆసుపత్రికి లేదు. అంటే అక్కడ రెండో పాలసీకి పని కూడా లేదు. బీమా ఏజెంట్లు ఈ మాట చెప్పరు. ‘కార్డు ఐదు లక్షలిస్తుంది, ఆపైన మా పాలసీ ఇస్తుంది’ అన్నట్టు మాట్లాడతారు. సీజీహెచ్‌ఎస్ లెక్క అలా మెట్లు మెట్లుగా ఉండదు.

లోటు వేరే చోట్ల ఉంది. నివాసం సీజీహెచ్‌ఎస్ నగరానికి దూరంగా ఉండటం ఒకటి. నమ్మకమున్న డాక్టర్ పనిచేసే ఆసుపత్రి జాబితాలో లేకపోవడం మరొకటి. బకాయిలు రాలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు క్యాష్‌లెస్‌కు వెనకాడిన సందర్భాలూ పలుమార్లు వార్తల్లోకి వచ్చాయి. జాబితాలో లేని ఆసుపత్రిలో అత్యవసరంగా చేరితే రీయింబర్స్‌మెంట్ ఉంటుంది కానీ, సీజీహెచ్‌ఎస్ ధరల మేరకే. అత్యవసరం కాకుండా, ముందస్తు అనుమతి లేకుండా చేరితే అదీ కష్టమే.

హైదరాబాద్‌లో జాబితా ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో, ఆ ఆసుపత్రి పట్ల సంతృప్తిగా ఉన్న దంపతులకు రెండో పాలసీ అంత అత్యవసరం కాదు. శ్రీకాకుళం దంపతులకు, లేదా ఏడాదిలో సగం పిల్లల దగ్గర మరో ఊళ్లో గడిపేవారికి అవసరం ఎక్కువ.

సూపర్ టాప్‌అప్: లెక్క ఇలా

ఈ వయసులో పూర్తిస్థాయి పాలసీ ప్రీమియం భారీగా ఉంటుంది. అందుకే చాలామందికి సూపర్ టాప్‌అప్ అందుబాటులో ఉండే మార్గం. ఇందులో డిడక్టబుల్ అనే గీత ఉంటుంది. ఆ గీత దాటిన ఖర్చునే కంపెనీ చెల్లిస్తుంది. మామూలు టాప్‌అప్‌లో ఈ గీత ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ విడిగా లెక్కకొస్తుంది. సూపర్ టాప్‌అప్‌లో ఏడాది మొత్తం ఖర్చు కలిపి చూస్తారు. రూ.5 లక్షల డిడక్టబుల్ ఉందనుకుందాం. ఏడాదిలో మూడుసార్లు రూ.3 లక్షల చొప్పున బిల్లయితే టాప్‌అప్ పైసా ఇవ్వదు. సూపర్ టాప్‌అప్ రూ.4 లక్షలు ఇస్తుంది. పేర్లలో ఒక్క మాటే తేడా కాబట్టి పాలసీ పత్రంలో ‘ఏడాది మొత్తంపై’ అని ఉందో లేదో చూడాలి.

ఇప్పుడు ఆ అర్ధరాత్రి గుండెపోటుకు వద్దాం. అంకెలు ఊహించినవే. జాబితాలో లేని ఆసుపత్రిలో బిల్లు రూ.9 లక్షలైంది. సూపర్ టాప్‌అప్ నుంచి రూ.4 లక్షలు వచ్చాయి. మిగిలిన రూ.5 లక్షలు ముందుగా దంపతులే కట్టాలి. తర్వాత సీజీహెచ్‌ఎస్‌కు దరఖాస్తు చేస్తారు. రెండు చోట్లా క్లెయిమ్ చేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ముందు బీమా కంపెనీ, ఆ తర్వాత మిగిలిన మొత్తానికి సీజీహెచ్‌ఎస్. రెండూ కలిపి అయిన ఖర్చును మించకూడదు. సీజీహెచ్‌ఎస్ ధరల్లో రూ.3.5 లక్షలే మంజూరైతే రూ.1.5 లక్షలు సొంత ఖర్చు. ఆ కేసును అత్యవసరంగా గుర్తించకపోతే రూ.5 లక్షలూ సొంతానివే.

డిడక్టబుల్ ఎంత పెట్టుకోవాలో ఈ లెక్కే చెబుతుంది. గీత ఎత్తు పెంచితే ప్రీమియం తగ్గుతుంది, నిజమే. కానీ అంత డబ్బు ఒక్క రోజులో సర్దగలగాలి. బ్యాంకులో చేతికందేలా రూ.3 లక్షలే ఉన్నవారు రూ.10 లక్షల డిడక్టబుల్ తీసుకుంటే, పాలసీ ఉండి కూడా ఆ రాత్రి అప్పు కోసం ఫోన్లు చేయాల్సిందే.

మరో ప్రశ్న కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. కార్డుపై క్యాష్‌లెస్‌గా జరిగిన చికిత్స విలువను డిడక్టబుల్‌లో కలుపుతారా? అన్ని కంపెనీల పత్రాల్లో ఇది ఒకేలా ఉండదు. ఏజెంట్ నోటి మాట క్లెయిమ్ రోజున చెల్లదు. కార్డుపై చికిత్స జరిగినా డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు నకలు అడిగి దాచుకోవాలి.

వయసు, జబ్బులు, ప్రీమియం

65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న భయం చాలామందికి ఉంది. ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనలతో వయసు అడ్డంకి సడలింది. అయినా వైద్య పరీక్షల తర్వాత కాదనే అవకాశం కంపెనీకి ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. అందుకే రిటైరయ్యాక కాదు, ఇంకా రెండు మూడేళ్లు సర్వీసు ఉండగానే కొనడం మేలు. కార్డు అండగా ఉన్నప్పుడే ఈ గడువు గడిచిపోతుంది.

బీపీ, షుగర్, పాత స్టెంటు ఏదీ దాచకూడదు. ఐదేళ్లు నిరంతరాయంగా పాలసీ కొనసాగాక, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించడానికి లేదు. కానీ ఆ ఐదేళ్లలోపే ఆపరేషన్ అవసరం రావచ్చు.

సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది. రిటైర్డ్ ఉద్యోగుల సంఘాల ద్వారా తీసుకునే గ్రూప్ పాలసీలకు ఆ మినహాయింపు లేదు. రెండింటినీ పోల్చేటప్పుడు పన్నుతో కలిపి చూడాలి.

గది అద్దె పరిమితి చిన్న అక్షరాల్లో ఉండే పెద్ద విషయం. పరిమితికి మించిన గదిలో చేరితే అద్దె తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు సహా బిల్లులో చాలా పద్దులకు అదే నిష్పత్తిలో కోత పడుతుంది. సీనియర్ల పాలసీల్లో కో-పే కూడా తరచూ కనిపిస్తుంది. 20 శాతం కో-పే ఉంటే పై ఉదాహరణలో రూ.4 లక్షలకు బదులు వచ్చేది రూ.3.2 లక్షలే.

పాలసీ అందాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కివ్వవచ్చు. కాగితాలు చదవడానికి అదే సమయం. ఇక సీజీహెచ్‌ఎస్ రీయింబర్స్‌మెంట్‌కు డిశ్చార్జ్ అయిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది. బీమా కంపెనీకి అసలు బిల్లులు ఇచ్చేటప్పుడే ధ్రువీకరించిన నకళ్లు, ఎంత చెల్లించారో తెలిపే లేఖ అడిగి తీసుకోవాలి. ఆ లేఖ కోసం ఎదురుచూస్తూనే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.