తెర మీది విమానానికి కాగితపు ఒళ్ళు

ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర విమానం ఆగి ఉంది. 1992 జూలైలో జపాన్ థియేటర్లకు వచ్చిన హయావో మియజాకీ సినిమా ‘పోర్కో రోసో’లో కథానాయకుడు నడిపే సవోయా ఎస్-21 అది. నీళ్ళ మీంచి లేచే దృశ్యంలో రెక్కల పొడవెంతో, ఒడలు పొడవెంతో కొలిచి రాసుకున్నాను. కాస్త ముందుకు జరిపి, మబ్బుల మధ్య పక్కకు ఒరిగే దృశ్యంలో మళ్ళీ కొలిచాను. రెండు లెక్కలూ కలవలేదు. ఇంకోచోట కొలిస్తే ఇంకో లెక్క. స్కేలులో తప్పేమీ లేదు. ఆ విమానానికి ఒకే కొలత అంటూ ఎప్పుడూ లేదు. ఏ దృశ్యానికి ఆ దృశ్యంలో అందంగా కనబడేలా చేతితో గీసిన బొమ్మ అది.

అలాంటి విమానానికి కాగితంతో మోడల్ చేయాలంటే రెండు విద్యలు రావాలి. గుండ్రటి ఆకారాన్ని విప్పి బల్లపరుపు కాగితం మీద పరచడం ఒకటి. కదిలే బొమ్మను ఆపి కొలతలు రాబట్టడం రెండోది. మొదటిదానికి 500 ఏళ్ళ చరిత్ర ఉంది, రెండోదానికి దాదాపు యాభై ఏళ్ళే. ఈ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి మన కళ్ళముందే కలిశాయి. ఈ పనికి చరిత్ర రాయాలంటే ఆ రెండు దారుల్నీ పట్టుకుని నడవాలి.

పల్లీల బండి దగ్గర పొట్లం కట్టే మనిషిని చూడండి. పాత పేపరు ముక్క ఒక్క తిప్పుతో శంకువు అయిపోతుంది, ఎక్కడా ముడత పడదు. అదే కాగితాన్ని బత్తాయి పండుకు చుట్టబోతే ముడతలు పడతాయి, లేదా చిరుగుతుంది. కాగితం ఒక సమయంలో ఒక దిక్కుకే వంగుతుంది. శంకువు, స్థూపం దానికి సులువు, గోళం దానికి లొంగదు. మన టైలర్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. జాకెట్టు కుట్టేటప్పుడు డాట్లు వేసేది అందుకే. చదునైన గుడ్డకు గుండ్రం రావాలంటే ఎక్కడో ఒకచోట మడిచి కుట్టాలి.

ఈ కిటుకును పెద్ద ఎత్తున వాడుకున్నది గ్లోబులు చేసినవాళ్ళు. 1507లో మార్టిన్ వాల్డ్‌జీముల్లర్ ప్రపంచ పటాన్ని పన్నెండు కోసు ముక్కలుగా అచ్చువేశాడు. బత్తాయి తొనల్లా రెండు కొసలా సన్నబడే ముక్కలవి. కత్తిరించి బంతి మీద అంటిస్తే గ్లోబు అవుతుంది. ఈ రోజు కాగితపు విమానం ముక్కును మలిచే పద్ధతికీ దీనికీ తేడా లేదు. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కొలతల మీద రాసిన పుస్తకంలో బహుముఖుల్ని విప్పి పరిచిన బొమ్మలు వేశాడు. బడిలో పిల్లలకు ‘వల రూపం’ అని చెప్పేది ఇదే. కుంభాకార బహుముఖి దేన్నైనా సరే అంచుల వెంట మాత్రమే కోసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వల రూపంగా పరచగలమా అన్న ప్రశ్నను 1975లో షెపర్డ్ అనే గణితవేత్త సూటిగా అడిగాడు. దానికి ఇప్పటికీ రుజువు లేదు, కాదనడానికి ఉదాహరణా దొరకలేదు. కత్తెర పట్టుకున్న ప్రతివాడూ తెలియకుండానే ఈ ప్రశ్నను తాకుతూ ఉంటాడు. నాకు ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ తర్వాతి మెట్టు ఫ్రాన్సులో పడింది. 1760ల్లో మెజియేర్ సైనిక పాఠశాలలో పనిచేస్తూ గాస్పార్ మోంజ్ అనే యువకుడు కోటల నిర్మాణ లెక్కల్ని గీతలతో తేల్చే పద్ధతి కనిపెట్టాడు. ఒక వస్తువును పై నుంచి, ఎదుటి నుంచి చూసినట్టు రెండు బొమ్మలు గీసి, వాటి నుంచి దాని అసలు ఆకారం మొత్తాన్ని రాబట్టడం. సైన్యం దాన్ని ఏళ్ళ తరబడి రహస్యంగా ఉంచింది. 1795లో గానీ ఆయన దాన్ని బహిరంగంగా బోధించలేదు. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు పునాది అదే. మోడల్ చేసేవాడు మొట్టమొదట అడిగేదీ అదే: పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి.

ఈలోగా అచ్చు పనివాళ్ళు కత్తిరించి అంటించే బొమ్మల్ని బజారుకు తెచ్చారు. ఫ్రాన్సులో ఎపినాల్ ఊరి అచ్చుపటాలు, జర్మనీలో ఎస్లింగన్‌లోని ష్రైబర్ సంస్థ కాగితాలు, జపాన్‌లో ‘తాతెబాంకో’ అనే చెక్క అచ్చు బొమ్మలు ఇళ్ళల్లోకి వెళ్ళాయి. 1932 జనవరిలో జపాన్ బాలల పత్రిక ‘షోనెన్ కురబు’ తన సంచికతో పాటు మికాసా యుద్ధనౌక కాగితపు మోడల్‌ను అనుబంధంగా ఇచ్చింది. ఇంగ్లాండులో యుద్ధం మధ్య, 1941లో జెఫ్రీ హైవే ‘మైక్రోమోడల్స్’ మొదలుపెట్టాడు. పోస్టుకార్డంత కార్డుల మీద రైళ్ళు, ఓడలు, కట్టడాలు. లోహానికీ చెక్కకూ కరువొచ్చిన కాలంలో కార్డు, కత్తెర, జిగురు చాలు. పోలండ్‌లో 1957లో మొదలైన ‘మావి మోడెలాష్’ పత్రిక తరాల తరబడి పిల్లలకు కాగితపు విమానాలు చేయించింది.

వీటిల్లో దాదాపు అన్నిటి వెనకా ఒక అసలు వస్తువు ఉంది. మికాసా ఓడ ఎక్కడో రేవులో ఉంది, దాని డ్రాయింగులు ఉన్నాయి. అనుమానం వస్తే వెళ్ళి కొలుచుకోవచ్చు. తెర మీద మాత్రమే పుట్టిన విమానం విషయంలో ఆ ధీమా పోయింది.

1965 సెప్టెంబరు 30న బ్రిటిష్ టీవీలో ‘థండర్‌బర్డ్స్’ మొదలైంది. గెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్‌ల కీలుబొమ్మల కథ. ముఖ్యమైన యంత్రాలు డెరెక్ మెడింగ్స్ ఊహించినవి. ముందుకు వంగిన పొట్టి రెక్కల ఆకుపచ్చ రవాణా విమానం థండర్‌బర్డ్-2 పిల్లలకు ప్రాణం. స్లవ్ పట్టణంలోని స్టూడియోలో దానికి రకరకాల సైజుల మోడళ్ళు ఉండేవి. దూరపు షాటుకు చిన్నది, దగ్గరి షాటుకు పెద్దది. వాటి కొలతలు అచ్చంగా ఒకదానితో ఒకటి కలిసేవి కావు, కలవాల్సిన అవసరమూ అప్పుడు ఎవరికీ కనబడలేదు. ఇంట్లో చూసేవాడికి ఆ విమానం కొన్ని క్షణాలు కనబడి మాయమయ్యేది. గుర్తున్నంత గీసుకోవడమే.

1977 నాటి ‘స్టార్ వార్స్’తో ఈ చిక్కు అందరికీ తెలిసింది. అందులోని అంతరిక్ష నౌక మిలేనియం ఫాల్కన్ తొలి మోడల్ దాదాపు అయిదడుగులది. 1980లో వచ్చిన తర్వాతి చిత్రం కోసం 32 అంగుళాల చిన్నది కూడా చేశారు. మొదటిదానికి నేల మీద నిలిచే కాళ్ళు మూడు, తర్వాతి చిత్రంలో అయిదు. మోడల్ చేసేవాడు ముందు ఏ సినిమాలోది అని తేల్చుకోవాలి.

ఇక రెండో విద్య. 1976లో వీహెచ్ఎస్ టేపు వచ్చాక మామూలు మనిషి చేతికి ‘పాజ్’ బటన్ దొరికింది. ఆపితే బొమ్మ వణికేది, అడ్డంగా గీతలు పడేవి. అయినా ఆగేది. 1978లో అమ్మకానికి వచ్చిన లేజర్ డిస్క్ ఇంకా గొప్ప సాయం చేసింది. అందులో ఒక రకం డిస్క్ ఒక్కో తిరుగుడుకు ఒక్కో ఫ్రేము చొప్పున, ఒక వైపు 54,000 ఫ్రేములు దాచుకునేది. ఏ ఫ్రేము కావాలో అంకె కొడితే అది వణక్కుండా నిలిచేది. 1996లో జపాన్‌లో మొదట వచ్చిన డీవీడీ ఆ సౌకర్యాన్ని చవక చేసింది.

జపాన్ యానిమేషన్‌లో ఇంకో ఆధారం ఉంటుంది. పదుల మంది చిత్రకారులు ఒకే యంత్రాన్ని ఒకేలా గీయడానికి ‘సెత్తెయి’ అనే నమూనా పటాలు తయారుచేస్తారు. 1982 నాటి ‘మాక్రాస్’లో మనిషి ఆకారంలోకి మారే వాల్కిరీ విమానాన్ని రూపొందించిన షోజీ కవామోరి, ఆ మార్పు నిజంగా కుదురుతుందో లేదో లెగో ఇటుకలతో కట్టి చూసుకునేవాడు. అంత జాగ్రత్తగా చేసినవి తక్కువ. ఎక్కువ భాగం దృశ్యం అవసరాన్ని బట్టి రెక్క సాగుతుంది, ముక్కు పొట్టిదవుతుంది.

రెండు దారులూ 2000ల మొదట్లో కలిశాయి. జపాన్‌లో ‘తమా సాఫ్ట్‌వేర్’ అనే సంస్థ చేసిన ‘పెపకురా డిజైనర్’ కంప్యూటర్‌లోని త్రీడీ ఆకారాన్ని విప్పి, అంటించే ట్యాబ్‌లతో సహా కాగితం మీద పరిచి చూపిస్తుంది. ‘పేపర్ క్రాఫ్ట్’ను జపాన్‌వాళ్ళు కుదించి పిలిచే మాటే ఆ పేరు. 2004లో జున్ మితాని, హిరోమసా సుజుకి సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఒక పరిశోధన చూపారు. గుండ్రటి ఆకారాన్ని వందల త్రిభుజాలుగా ముక్కలు చేసే బదులు, ఒకే దిక్కుకు మెలితిరిగే పొడవాటి పట్టీలుగా మార్చడం ఎలా అన్నది దాని సారం. బత్తాయి తొక్కను తెగకుండా గుండ్రంగా ఒలిచినట్టు. సాఫ్ట్‌వేర్ ఎక్కడ కోయాలో చెప్పగలదు. ఏ ఆకారం సరైనదో మాత్రం చెప్పలేదు, ఆ తీర్పు మనిషిదే.

అందుకే నాకు సవోయా ఎస్-21 అంటే అంత ఇష్టం. ఈ విమానం పుట్టిందే మోడళ్ళు చేసేవాళ్ళ పత్రికలో. 1990లో ‘మోడల్ గ్రాఫిక్స్’ మాసపత్రికలో మియజాకీ నీటిరంగులతో వేసిన ‘హికోతెయి జిదాయి’ అనే చిన్న బొమ్మల కథ తర్వాత సినిమా అయింది. ఎస్-21 అనే పేరుతో ఇటలీలో 1921లో నిజంగానే ఒక విమానం ఉండేది. అది రెండంతస్తుల రెక్కలది, దీనికి పోలికే లేదు. దీని ఒడ్డూ పొడుగూ మక్కీ ఎం.33 అనే ఒంటిరెక్క ఫ్లయింగ్ బోటును గుర్తుచేస్తాయి. పడవలాంటి ఒడలు, దాని పైన ఊతల మీద నిలబెట్టిన ఇంజన్ గూడు. మారియో కాస్తోల్ది రూపొందించిన ఆ ఎం.33 1925లో బాల్టిమోర్‌లో జరిగిన ష్నైడర్ పందెంలో మూడో స్థానంలో వచ్చింది. అదే పందెం గెలిచింది జిమ్మీ డూలిటిల్ నడిపిన అమెరికన్ విమానం, కర్టిస్ ఆర్3సీ-2. సినిమాలో కథానాయకుడు పోర్కోకు ఎదురు నిలిచే అమెరికన్ పైలట్ పేరు కర్టిస్, అతడి విమానం ఆర్3సీ వంశానిదే. ఇది తెలిశాక ఆ సినిమా నాకు ఇంకో రకంగా కనబడింది.

ఎం.33 రెక్కల పొడవు సుమారు 10 మీటర్లు. ఆ కొలతను నేను అరువు తెచ్చుకున్నాను. 1/48 స్కేలులో 21 సెంటీమీటర్లకు దగ్గర, అంటే ఏ4 కాగితం వెడల్పంత. అంతకుముందు పైలట్ తలను కొలబద్దగా పెట్టుకుని చాలా రోజులు పాడుచేసుకున్నాను. పోర్కో తల మామూలు మనిషి తలకంటే పెద్దది, బొమ్మల్లో తలలు పెద్దవిగా గీయడం రివాజు. ఆ లెక్కన విమానం కుంచించుకుపోయింది. పదిహేడేళ్ళ ఇంజనీరు ఫియో నిలబడి ఉన్న దృశ్యంలో ఆమె ఎత్తు పట్టుకుంటే కొంత నయం.

ఇంజన్ గూడు దగ్గర మరో పాఠం నేర్చుకున్నాను. దాని ముందు భాగం గుండ్రం. వాల్డ్‌జీముల్లర్ లాగే పన్నెండు కోసు ముక్కలు వేశాను. కంప్యూటర్‌లో నునుపుగా వచ్చింది. చేతిలో మాత్రం బొద్దుగా, ఎగుడుదిగుడుగా తయారైంది. 200 జీఎస్‌ఎం కాగితం దళసరి పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. ప్రతి అతుకు దగ్గరా ట్యాబ్ మీద ముక్క పడి ఆ దళసరి రెట్టింపవుతుంది. రెండోసారి ముక్కల్ని ఎనిమిదికి తగ్గించాను. ట్యాబ్‌లు తీసేసి అంచుకు అంచు ఆనించి, లోపలి వైపు పలచటి కాగితపు పట్టీ అంటించాను. మడత గీతల మీద సిరా అయిపోయిన రీఫిల్‌తో ఒత్తి గీసి, ముక్కల్ని బల్ల అంచు మీద నెమ్మదిగా లాగి వంపు తెప్పించాను. ఫెవికాల్‌ను అగ్గిపుల్లతో చుక్కలుగా పెట్టాను. కోసిన అంచుల తెలుపు కనబడకుండా ఎర్ర స్కెచ్ పెన్ను తిప్పాను. ఈసారి గూడు ఒళ్ళు సన్నబడింది, సినిమాలో చూసినట్టే.

మిగిలింది ముక్కు భాగం. కథ మధ్యలో విమానం దెబ్బతింటుంది, మిలన్‌లో పిక్కొలో వర్క్‌షాపులో ఫియో దాన్ని మళ్ళీ గీస్తుంది. ఆడవాళ్ళంతా కలిసి కడతారు. ఆమె కూర్చోడానికి చోటు కోసం రెండు మెషిన్ గన్లలో ఒకటి తీసేస్తారు. అంటే ఈ విమానం సినిమా మొదట్లో ఒకటి, చివర్లో మరొకటి. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. ఎందుకంటే ఆ రూపాన్ని తెర మీదే ఒక డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని, రాత్రంతా దీపం పెట్టుకుని ఒక మనిషి గీసింది. ముక్కును ఆరు ముక్కలుగా విప్పాను. ఐదో ముక్క మీద ఫియో కూర్చునే గుంతకు గుర్తు పెట్టుకుని, కట్టర్‌కు కొత్త బ్లేడు వేశాను.