ఓజోన్ పొర: హైదరాబాద్ బెలూన్లు ఏం కొలిచాయో తెలుసా?

హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల్లో ఏసీ లేనిదే పని నడవదు. ఆ ఏసీల్లో వాడే గ్యాస్‌కీ, మన తలపైన ఉన్న ఓజోన్ పొరకీ లింకుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఈ పొరను పాత ఫ్రిజ్‌లు, ఏసీల్లోని సీఎఫ్‌సీ వాయువులు దెబ్బతీశాయి.

హైదరాబాద్ పాత్ర ఏంటి?
ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం ఉంది. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు 1987, 1990, 1994లో ఇక్కడి నుంచే భారీ బెలూన్లు పంపారు. వేర్వేరు ఎత్తుల్లో గాలి నమూనాలు పట్టి, అందులో ఈ వాయువులు ఎంతున్నాయో ల్యాబ్‌లో కొలిచారు.

ఒప్పందం ఉన్నా కొలతలెందుకు?
సీఎఫ్‌సీలను ఆపేందుకు 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ 1992లో చేరింది. 2010 నాటికే ఉత్పత్తి ఆగిపోవాలి. కానీ సీఎఫ్‌సీ-11 మళ్లీ ఎక్కువగా విడుదలవుతోందని 2018లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అందులో పెద్ద వాటా తూర్పు చైనాదని 2019లో తేలింది. ఆ తర్వాత అది తగ్గింది. గాలిని కొలుస్తూ ఉండబట్టే దొంగ దొరికాడు.

ఎప్పటికి కోలుకుంటుంది?
ఇప్పటి నియంత్రణలు కొనసాగితే 1980 నాటి స్థాయికి ప్రపంచంలో చాలా చోట్ల 2040కి, ఆర్కిటిక్‌పై 2045కి, అంటార్కిటికాపై 2066కి చేరొచ్చని ఐక్యరాజ్యసమితి మద్దతుతో తయారైన 2022 అంచనా.

మనం చేయగలిగింది?
పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ ఓజోన్‌కు ఇప్పటికీ ముప్పే. సర్వీసింగ్‌లో దాన్ని గాల్లోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి పట్టమని మెకానిక్‌కి చెప్పండి.