చిరునామా ఏ ప్రోగ్రాముకు పోవాలి: సంఘం వెబ్‌సైట్లు చూసుకునేవారికి

సభ్యుడు సైటులో ఒక లింకు నొక్కగానే, ఆ చిరునామా చూసి ఏ ప్రోగ్రాము జవాబివ్వాలో సర్వరు తేల్చుకోవాలి. ఆఫీసులో వచ్చిన టపాను సెక్షన్లవారీగా విడగొట్టే పనే ఇది. జావాలో రాసిన సైట్లకు ఈ పంపకం వెబ్.ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటుంది. 2009లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 నుంచి ప్రోగ్రాములోనే ఒక్క వరుసలో రాసుకోవచ్చు కూడా. మన సంఘాల్లో సైటు చూసే కుర్రాళ్లు ఏటా మారుతుంటారు, అందుకని అన్నీ ఒకేచోట కనబడే ఫైలే మేలని మేమంటాం.

సర్వరు వెదికే క్రమం ఇది. ముందు అచ్చుగుద్దినట్టు అదే చిరునామా: /వధూవరులు/దరఖాస్తు. లేదంటే /వధూవరులు/* వంటి మొదలు. రెండు కుదిరితే పొడవైనదానిదే గెలుపు. తర్వాత *.జెఎస్‌పి వంటి తోక. ఎవరికీ చెందనివి ఒంటి / కు. ఫైలులో ఏది ముందు రాశామన్నది లెక్కలోకి రాదు. పైథాన్‌వారి జాంగోలో మాత్రం పైనుంచి చూస్తూ మొదట కుదిరినదానికే ఇచ్చేస్తుంది, అక్కడ వరుస ముఖ్యం.

ఒంటి / బదులు /* రాస్తే జెఎస్‌పి పేజీలు కూడా ఆ ఒక్క ప్రోగ్రాము మీదే పడతాయి, సైటు తెల్లమొహం వేస్తుంది. /వధూవరులు/*.జెఎస్‌పి అని మొదలూ తోకా కలపడం అసలు కుదరదు.

చిరునామాలు తెలుగులో పెట్టాలని మనకు ముచ్చట. పెట్టవచ్చు, ఫైలులో మామూలు తెలుగులోనే రాయాలి. కాని ‘తెలుగు’ అనే మాటలో కంప్యూటరు లెక్కన ఆరు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలు. వాట్సాప్‌లో అతికించేసరికి అదే 54 అక్షరాల గజిబిజి కావచ్చు. పైగా ‘ఫేస్‌బుక్’ వంటి మాటల్లో పొల్లు నిలవడానికి మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. అది ఉన్న చిరునామా వేరు, లేనిది వేరు. ఎంత చూసినా తేడా తెలియదు. అందుకే పేజీలో తెలుగు నిండుగా ఉంచి, చిరునామా పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టమనే మా సలహా.

సైటు కొత్తగా కట్టించేటప్పుడు పాత చిరునామాలను వదిలేయకండి. హోసూరులోనో బరంపురంలోనో షోలాపూరులోనో ఒక పిల్ల గడువు చివరి రోజున స్కాలర్‌షిప్ ఫారం పాత లింకు నొక్కితే 404 వస్తుంది, ఆ ఏడు పోయినట్టే. ప్రతి పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 దారి మళ్లింపు పెట్టించాలి. ఆ జాబితా చేతికి వచ్చి, ఒక్కొక్కటీ నొక్కి చూశాకే పనివారికి ఆఖరి విడత చెక్కు రాయండి.